ఇంటర్ ఎంపీసీ తర్వాత ఎక్కడెక్కడ దరఖాస్తు చేయాలి? జోసా, ఎంసెట్, ప్రైవేటు వర్సిటీలు, సీయూఈటీ: ఏ దారి ఎవరికి

ఏప్రిల్‌లో ఏదో ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి ఫోన్ వస్తుంది. సీటు ఖాయమైంది, వారంలో ఫీజు కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాం అంటారు. అప్పటికి జేఈఈ మెయిన్ తుది ర్యాంకు తేలదు. ఎంసెట్ ఇంకా రాయలేదు. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్ జూన్, జూలైల్లో, ఎంసెట్ కౌన్సెలింగ్ జూన్ చివరి నుంచి ఆగస్టు, ఒక్కోసారి సెప్టెంబరు దాకా. అంటే ఎక్కువ ఖర్చయ్యే సీటు ముందు చేతికొస్తుంది, తక్కువ ఖర్చుతో వచ్చే సీటు చివర్లో వస్తుంది. ఎన్నో కుటుంబాలు లక్షలు పోగొట్టుకునేది ఈ మూడు నెలల తేడాలోనే. అందుకే కాలేజీల పేర్లు ముందేసుకుని ఏది మంచిదని పోల్చేకంటే, ఆ సీట్లు ఏ దారిలో వస్తాయి, ఆ దారిలో మన పిల్లకు లేదా పిల్లాడికి ఏ హక్కు ఉంది, ఎప్పుడు తేలుతుంది అని పోల్చడం మేలు. పేర్ల పోలిక ఆ తర్వాత.

ముందు తేల్చుకోవాల్సింది: మీరు ఎక్కడ లోకల్?

ఇది రెండు చోట్ల రెండు రకాలుగా లెక్కిస్తారు. ఈ తేడా తెలియక జాబితా మొత్తం తప్పుగా వేసుకునేవాళ్లు చాలామంది.

ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, సగం బయటివారికి. ఇక్కడ సొంత రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, ఆధార్‌లో చిరునామా కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే. గుంటూరు అమ్మాయి ఇంటర్ హైదరాబాద్‌లో చదివి పాసైతే ఆమెకు సొంత రాష్ట్రం తెలంగాణ; వరంగల్ ఎన్ఐటీలో హోం స్టేట్ కోటా వస్తుంది, తాడేపల్లిగూడెంలో రాదు. కోటా పట్టణానికి వెళ్లి అక్కడే పన్నెండు పాసైన పిల్లాడికి సొంత రాష్ట్రం రాజస్థాన్. ఐఐటీల్లో, జోసా కింద ఉన్న ట్రిపుల్ ఐటీల్లో రాష్ట్ర కోటా అనేదే లేదు.

ఎంసెట్‌లో (ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అయినా ఇళ్లలో ఇంకా ఎంసెటే) లెక్క వేరు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే ఆరో తరగతి నుంచి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. కాబట్టి పది దాకా గుంటూరులో చదివిన పై అమ్మాయి ఎన్ఐటీకి తెలంగాణ, ఎంసెట్‌కు ఆంధ్ర. ఆమె తెలంగాణ ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నా హైదరాబాద్ కాలేజీల్లో కన్వీనర్ సీటు (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేది) మీద ఆశ పెట్టుకోకూడదు. విభజన చట్టం నాటి పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025-26 నుంచి తెలంగాణలో 85 శాతం లోకల్ సీట్లే కాదు, మిగతా 15 శాతం కూడా ఆ రాష్ట్రానికి చెందినవారికే. అక్కడ పదేళ్లు నివాసమున్నవారు, అక్కడి ప్రభుత్వోద్యోగుల పిల్లలు వంటి కొద్దిమందికి మాత్రం వెసులుబాటు ఉంది. ఏపీ విద్యార్థికి ఆ కాలేజీల్లో మిగిలేది యాజమాన్యమే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ముందేసుకుని ఈ రెండు లెక్కలూ కాగితం మీద రాసుకోండి. పావుగంట పని. దీంతోనే జాబితాలో సగం పేర్లు ఉంటాయో పోతాయో తెలిసిపోతుంది.

దారులు పక్కపక్కన పెడితే

జోసా దారిలో 23 ఐఐటీలు, 31 ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, కేంద్ర నిధులతో నడిచే మరికొన్ని సంస్థలు ఉన్నాయి. ఐఐటీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు, మిగతావాటికి జేఈఈ మెయిన్ ర్యాంకు. ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి, లేదంటే బోర్డులో పైనున్న 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ర్యాంకు వచ్చి ఈ మార్కుల దగ్గర ఆగిపోయేవాళ్లు ఏటా కనిపిస్తారు.

ఈ దారిని ఖర్చుకు భయపడి వదిలేస్తున్న కుటుంబాలకు ఒక మాట. ఎన్ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 1.25 లక్షలు, ఐఐటీలో 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతావారిలో కుటుంబ వార్షికాదాయం లక్ష లోపుంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్యుంటే మూడింట రెండొంతులు మాఫీ. అంటే ఆదాయం 4 లక్షలున్న ఇంటి పిల్లాడికి ఎన్ఐటీలో ట్యూషన్ ఏడాదికి సుమారు 42 వేలు. హాస్టల్, మెస్ వేరే. ఊళ్లో ఉన్న ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకంటే ఇది ఎంతో తక్కువ. అయితే శ్రీసిటీ వంటి ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య ట్రిపుల్ ఐటీల్లో ఫీజు బాగా ఎక్కువ. అక్కడా ఇవే రాయితీలు ఉంటాయనుకుని ఆప్షన్ పెట్టొద్దు.

ట్రిపుల్ ఐటీ అనే మాట దగ్గరే ఇంకో గందరగోళం ఉంది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ జోసాలో లేదు. జేఈఈ మెయిన్ ర్యాంకు ఎంత బాగున్నా, దానికి విడిగా దరఖాస్తు చేయకపోతే సీటు రాదు. తన సొంత పరీక్షతో నింపే సీట్లూ అక్కడ ఉన్నాయి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలు పదో తరగతి మార్కులతో చేరే ఆరేళ్ల కోర్సులు. ఇంటర్ అయ్యాక వాటికి దారి మూసుకున్నట్టే.

ఎంసెట్ దారి మన రెండు రాష్ట్రాల్లో అత్యధికులు చివరికి చేరేది. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్. రెండు రాష్ట్రాల ఎంసెట్ ఒకటి కాదు. ఏపీలో ర్యాంకుకు ఎంసెట్ మార్కులు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులు 25 శాతం కలుపుతారు. తెలంగాణలో ఇంటర్ వెయిటేజీ తీసేశారు. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం (రిజర్వుడు వర్గాలకు 40) వస్తే చాలు. ఫిబ్రవరి, మార్చిల్లో బోర్డు పరీక్షలకు ఎంత సమయం కేటాయించాలో కూడా ఈ తేడానే చెబుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాతో ముడిపడిన విషయం. తెలంగాణలో అర్హులైన బీసీ, ఈబీసీ విద్యార్థుల ఎంసెట్ ర్యాంకు 10 వేల లోపుంటే మొత్తం ఫీజు ప్రభుత్వ లెక్కలోకి వస్తుంది. దాటితే 35 వేల వరకే, మిగిలింది ఇంట్లో కట్టుకోవాలి. ర్యాంకు 9,800 వచ్చినవారికీ 10,200 వచ్చినవారికీ నాలుగేళ్ల ఖర్చులో తేడా లక్షల్లోకి వెళ్తుంది. ప్రభుత్వం ఇచ్చేది ఆలస్యమైతే కాలేజీ ముందు మీ దగ్గరే అడగవచ్చు కాబట్టి మొదటి ఏడాదికి చేతిలో కొంత ఉంచుకోవాలి.

ప్రైవేటు వర్సిటీల దారిలో అన్నీ ఒక్కటి కాదు. బిట్స్ పిలానీకి దాని సొంత పరీక్ష బిట్‌శాట్ రాయాలి. ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 75 శాతం, ఒక్కోదానిలో కనీసం 60 ఉండాలి. రిజర్వేషన్ లేదు, మేనేజ్‌మెంట్ కోటా లేదు, దాదాపు పూర్తిగా స్కోరే. చదువు నాణ్యతలో మంచి ఎన్ఐటీల సరసన పెట్టదగ్గది. కానీ ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 5 లక్షలు దాటుతుంది. నాలుగేళ్లకు ట్యూషనే 20 లక్షల పైమాట. ఎన్ఐటీలో రాయితీ ఏమీ లేకపోయినా అది 5 లక్షలు. ఈ తేడాను అప్పుతో పూడ్చాల్సి వస్తే, అది ఆ ఇంటికి తగిన అప్పా కాదా అన్నది పరీక్షకు ముందే మాట్లాడుకోవాలి, సీటు వచ్చాక కాదు.

విట్‌లో ఐదు ఫీజు కేటగిరీలు ఉంటాయి. ఒకే క్లాసులో, ఒకే బ్రాంచిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేర్వేరు ఫీజులు కడతారు. వేలూరులో చివరి కేటగిరీ మొదటిదానికి రెట్టింపుకు పైనే. కాబట్టి విట్‌లో సీఎస్ఈ వచ్చిందన్న మాట సగమే. ఏ కేటగిరీలో అన్నది మిగతా సగం. నాలుగో, ఐదో కేటగిరీలో చేరేముందు అదే డబ్బుకు ఇంకేం దొరుకుతుందో చూడాలి.

ఏపీ విద్యార్థులు ఎక్కువగా గమనించని సంగతి ఇంకొకటి. రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన ప్రైవేటు యూనివర్సిటీలు, ఉదాహరణకు అమరావతిలోని విట్-ఏపీ, ఎస్ఆర్ఎం-ఏపీ, 35 శాతం సీట్లు ఏపీ ఎంసెట్ ద్వారా కన్వీనర్ కోటాలో ఇవ్వాలి. గీతం, కేఎల్, విజ్ఞాన్ డీమ్డ్ యూనివర్సిటీలు కాబట్టి ఆ నిబంధన కిందికి రావు. సొంత పరీక్షలతో, సొంత ఫీజులతో చేర్చుకుంటాయి. ఏప్రిల్‌లో విట్-ఏపీకి పెద్ద ఫీజు కట్టే ముందు, ఎంసెట్ ర్యాంకుతో అదే క్యాంపస్‌లో కన్వీనర్ సీటు వచ్చే అవకాశం ఉందేమో గత ఏడాది లాస్ట్ ర్యాంకులు (ఆ సీటు దక్కిన చివరి ర్యాంకులు) తీసి చూడండి.

ఇంజినీరింగ్ కాకపోతే

ఎంపీసీ చదివినంత మాత్రాన అందరూ బీటెక్‌కే వెళ్లనక్కర్లేదు. ఫిజిక్స్, మ్యాథ్స్ మీద నిజమైన ఇష్టం ఉన్నవారికి కేంద్ర సైన్స్ విద్య, పరిశోధన సంస్థ ఐసర్ తిరుపతి మన ముంగిట్లోనే ఉంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. దాని పరీక్షలో 60 ప్రశ్నలుంటాయి, బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్ పదిహేనేసి. ఇంటర్‌లో బయాలజీ లేనివారూ ఆ పదిహేనూ చూడాల్సిందే. పదో తరగతి, ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీ మీద మూడు వారాలు పెట్టినా అందులో కొన్ని మార్కులు రాబట్టవచ్చు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకు, ఢిల్లీ యూనివర్సిటీ, బీహెచ్‌యూ, అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటివాటికి కేంద్రీయ వర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి. ఎంసెట్ అలవాటున్న మనవాళ్లు ఇక్కడ పొరపడేది ఒకే చోట: సీయూఈటీకి ఉమ్మడి కౌన్సెలింగ్ లేదు. స్కోరు వచ్చాక ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ పోర్టల్‌లో మళ్లీ దరఖాస్తు చేయాలి, మళ్లీ ఫీజు కట్టాలి. సీయూఈటీ ఫారంలో టిక్ పెట్టాం కదా అని ఊరుకుంటే గడువు దాటిపోతుంది.

రెండో పొరపాటు సబ్జెక్టుల దగ్గర. సీయూఈటీలో గరిష్ఠంగా ఐదు పేపర్లు రాయవచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ ఇంటర్‌లో చదివిన సబ్జెక్టుల్లోనే రాయాలంటుంది, అందులో ఒక భాషా పేపర్ ఉండాలి. అక్కడ ఎకనామిక్స్ ఆనర్స్ కావాలంటే మ్యాథ్స్ పేపర్ తప్పనిసరి. భాషగా తెలుగు కూడా ఎంచుకోవచ్చు. పదమూడు భాషల్లో అదొకటి. ముందు కోర్సు పేజీ తెరిచి ఏ పేపర్ల కలయిక అడుగుతున్నారో రాసుకుని, ఆ తర్వాతే సీయూఈటీ ఫారం ముట్టుకోవాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు.

మామూలు డిగ్రీకి తెలంగాణలో దోస్త్, ఏపీలో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాలు ఉన్నాయి. దోస్త్ రిజిస్ట్రేషన్ 200 రూపాయలు. ఏ జాబితాలోనైనా ఇదొకటి ఉంచడంలో నష్టమేమీ లేదు.

ఎన్ని దరఖాస్తులు, ఏవేవి

పదిహేను ప్రైవేటు వర్సిటీలకు దరఖాస్తు పెట్టడం ధైర్యం కాదు, వృథా. ఒక్కోదానికి వెయ్యి రూపాయలకు పైనే పోతుంది. అంతకంటే పెద్ద నష్టం పరీక్షలకు ప్రయాణాలతో పోయే రోజులు. ఎంపీసీ విద్యార్థికి మా లెక్కలో ఇవి చాలు: జేఈఈ మెయిన్, సొంత రాష్ట్ర ఎంసెట్, ఖర్చు భరించగలిగితే బిట్‌శాట్, ఒకటి లేదా రెండు ప్రైవేటు వర్సిటీ పరీక్షలు, సైన్స్ లేదా ఎకనామిక్స్ ఆసక్తి ఉంటే సీయూఈటీ గానీ ఐసర్ గానీ. మొత్తం ఐదారు.

ఈ జాబితాను ఫిబ్రవరిలో ఒకసారి సరిచేయాలి. జనవరి జేఈఈ మెయిన్ పర్సెంటైల్ అప్పటికి చేతికొస్తుంది. దాన్ని ర్యాంకుగా మార్చడం తేలిక: వందలోంచి పర్సెంటైల్ తీసేసి, వచ్చినదాన్ని రాసినవారి సంఖ్యతో హెచ్చించి వందతో భాగించండి. రాసేవారు సుమారు 15 లక్షలు అనుకుంటే 98 పర్సెంటైల్ దాదాపు 30 వేల ర్యాంకు, 95 దాదాపు 75 వేలు. ఆ ర్యాంకును జోసా సైట్‌లో గత ఏడాది చివరి రౌండు ముగింపు ర్యాంకులతో పోల్చండి. పోల్చేటప్పుడు మీ కేటగిరీ, హోం స్టేట్ లేదా అదర్ స్టేట్, అమ్మాయిలైతే ఫిమేల్ ఓన్లీ వరుస, ఈ మూడూ సరిపోయిన గడినే చదవాలి. ఓపెన్ అదర్ స్టేట్ గడి చూసి మనకు రాదని ఏప్రిల్‌లో మేనేజ్‌మెంట్ సీటు కొనేసిన కుటుంబాలకు, సొంత గడి చూసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఎంసెట్ లాస్ట్ ర్యాంకుల విషయంలో ఒక హెచ్చరిక. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ, నిబంధనలు పాటించే కాలేజీలకు బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. కొన్ని కాలేజీల్లో సీఎస్ఈ సెక్షన్లు ఒక్కసారిగా పెరిగాయి. సీట్లు పెరిగితే లాస్ట్ ర్యాంకు అంకె పెరుగుతుంది, కాబట్టి ఒక్క ఏడాది అంకెను నమ్మకుండా మూడేళ్లవి పక్కపక్కన రాసుకుని, ఆ మూడేళ్ల సీట్ల సంఖ్య కూడా రాయాలి. సీట్లు పెరిగినంత వేగంగా అధ్యాపకులు, ల్యాబులు పెరిగాయా అన్నది కాలేజీకి వెళ్లి రెండో ఏడాది విద్యార్థులను అడిగితే తెలుస్తుంది. ల్యాబులో ఒక్కో కంప్యూటర్ దగ్గర ఎందరు కూర్చుంటున్నారు, గత సెమిస్టర్‌లో ఎందరు అధ్యాపకులు మధ్యలో మారారు: ఈ రెండూ అడగండి.

ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీలో ఉండే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. ఆఫర్ల సంఖ్య కూడా నమ్మదగ్గది కాదు. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేస్తారు. కేంద్రం ఇచ్చే ర్యాంకింగ్ ఎన్ఐఆర్ఎఫ్‌కు కాలేజీ ఇచ్చిన వివరాలు ఆ కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉండాలి. అందులో చేరినవారు ఎందరు, గడువులో పాసైనవారు ఎందరు, ఉద్యోగం వచ్చినవారు ఎందరు, మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు వెళ్లినవారు ఎందరు అన్నీ ఏడాదివారీగా ఉంటాయి. చేరినవారితో గడువులో పాసైనవారిని భాగించి చూడండి. అరవై శాతం కూడా పాసవ్వని చోట మధ్యస్థ జీతం ఎంతున్నా జాగ్రత్తే. నాణ్యత గుర్తింపుల్లో న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచివారీగా. మీరు చేరే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, అది ఎప్పటిదాకా అన్నదే మీకు పనికొచ్చే ప్రశ్న.

ఎన్ఐటీలో మెటలర్జీనా, హైదరాబాద్‌లోని పేరున్న కాలేజీలో సీఎస్ఈనా అని చాలా ఇళ్లలో వాదన. ప్రోగ్రామింగ్ ఇష్టమై, సాఫ్ట్‌వేర్‌లోకే వెళ్లాలని స్పష్టంగా ఉన్నవారికి సీఎస్ఈ ఇవ్వండి. గేట్ రాసి ప్రభుత్వ రంగ సంస్థలకు, పరిశోధనకు వెళ్లాలనుకునేవారికి, ఏదీ తేల్చుకోనివారికి కూడా ఎన్ఐటీ మంచిది. అక్కడి తోటివాళ్లు, లైబ్రరీ, దేశం నలుమూలల నుంచి వచ్చిన స్నేహాలు నాలుగేళ్లలో ఏదో ఒక దారి చూపిస్తాయి. ఒక్కటి మాత్రం వద్దు: రెండో ఏడాది బ్రాంచి మార్చుకోవచ్చన్న ఆశతో చేరడం. అది కొద్దిమంది టాపర్లకే దక్కుతుంది.

ఆప్షన్లు పెట్టే రోజు

దరఖాస్తులు తక్కువ ఉండాలి, వెబ్ ఆప్షన్లు ఎక్కువ ఉండాలి. ఆప్షన్‌కు డబ్బు పడదు. ఎంసెట్‌లో అరవై, ఎనభై పెట్టినా తప్పులేదు.

వరుస మాత్రం మీకు కావాల్సిన వరుసే, వచ్చే అవకాశం ఉన్న వరుస కాదు. కంప్యూటర్ మీ ర్యాంకు దగ్గరికి వచ్చాక మీ జాబితా పైనుంచి చదువుతూ, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. పైన రానివి పెట్టినందువల్ల కింద వచ్చేది పోదు. కానీ వచ్చేది కదా అని తక్కువ ఇష్టమైనది పైన పెడితే, దానికంటే మంచిది దొరికే అవకాశం అక్కడే ముగిసిపోతుంది. నెట్ సెంటర్లో పక్కవారి జాబితా చూసి దించుకునే పిల్లలకు జరిగేది ఇదే. ఇంటి దగ్గరే కాగితం మీద కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ రాసుకుని, ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు ఎక్కించండి. పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే ఫోన్ కాలేజీ పీఆర్వో చేతిలో పెట్టవద్దు.

తెలంగాణ ఎంసెట్ రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి విడత సీటు దానంతటదే రద్దవుతుంది. కాబట్టి రెండో విడతలో చేతిలో ఉన్నదానికంటే మంచివే పెట్టాలి. ఊరికే జాబితా నింపితే ఉన్నది పోయి లేనిది అంటుకుంటుంది. జోసాలో ఫ్రీజ్ అంటే ఇదే చాలు అని, ఫ్లోట్ అంటే పైనున్న ఏదొచ్చినా మారతామని, స్లైడ్ అంటే అదే సంస్థలో బ్రాంచి మారతామని. నిర్ణయం తేలనివారికి ఫ్లోట్ సురక్షితం. ఉన్న సీటు పోదు, మంచిది వస్తే మారుతుంది.

ఇక ఏప్రిల్ ఫోన్ సంగతి. ప్రైవేటు వర్సిటీకి అడ్వాన్స్ కట్టాల్సివస్తే, కట్టేముందు రద్దు నిబంధనలు ఈమెయిల్‌లో తెప్పించుకోండి: ఏ తేదీలోపు తప్పుకుంటే ఎంత తిరిగి ఇస్తారు. యూజీసీ ఏటా ఫీజు వాపసు గడువు ప్రకటిస్తుంది, దాన్ని ఆ ఈమెయిల్‌తో కలిపి ఉంచుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదిలిరాకూడదు. చూసి తిరిగి ఇవ్వాలే తప్ప తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఒరిజినల్స్ ఒక చోట చిక్కుకుంటే మంచి సీటు వచ్చినా రిపోర్ట్ చేయలేరు.

సర్టిఫికెట్ల పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి. జోసాకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవే చెల్లుతాయి, అదీ కేంద్ర ప్రభుత్వ నమూనాలో. ఎంసెట్‌కు వాడే బీసీ కుల ధ్రువీకరణ పత్రం అక్కడ పనికిరాదు. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు, మీది ఉందో లేదో జేఈఈ ఫారంలో కేటగిరీ నింపకముందే చూసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు అక్షరం తేడా ఉంటే డిసెంబరులోపే సరిచేయించండి. ఏప్రిల్ మొదటి వారంలోనే తెలంగాణలో మీసేవలో, ఏపీలో సచివాలయంలో దరఖాస్తు ఇచ్చేస్తే జూన్‌లో తహసీల్దారు కార్యాలయం ముందు క్యూ కట్టే పని ఉండదు.